బిగిసిన స్టీరింగును విడిపించు విధము

జమ్మలమడుగునుండిగాని పులివెందులనుండిగాని ప్రొద్దుటూరు అంగళ్లకు కారులో వచ్చినవారు, పని ముగించుకొని తిరిగి బండి యెక్కినపుడు, ఒక్కొక్కసారి స్టీరింగు కదలదు, తాళపుచెవియు తిరుగదు. కారు చెడినదని కొందరు దిగులుపడుదురు. కొందరు బలముకొలది త్రిప్పి చెవిని విఱుచుకొందురు. నిజమునకు కారు చెడలేదు. తన కాపలాపని తాను చేయుచున్నది.

స్టీరింగునకు క్రిందుగా దానితోపాటు తిరుగు ఇనుపకడ్డీ యొకటి కలదు. దానియందు గాడి యుండును. తాళపుచెవిని తీసివేసిన పిమ్మట స్టీరింగు కొంచెము తిరిగినచో, స్ప్రింగు బలముచే ఒక చిన్న గడియ ఆ గాడిలో పడును. అప్పుడు దొంగ యింజనును నడిపించినను బండిని మలుపజాలడు. ఈ యేర్పాటును పశ్చిమ జర్మనీ 1961లో నిర్బంధము చేసెను. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థ తన 1969వ సంవత్సరపు కార్లలో దీని నమర్చెను.

చెవి యేల తిరుగదు? మీ యింటి తలుపును చూడుడు. తలుపు ఒరిగి గడియను నొక్కుచున్నపుడు, ఎంత లాగినను గడియ రాదు. తలుపును కొంచెము నెట్టి పట్టినచో సులభముగా జాఱును. ఇచ్చటను అట్లే. బండి ముందుచక్రము రాతికి ఒత్తుకొని నిలిచినను, దిగునపుడు మనము స్టీరింగును పట్టి లేచినను, గాడియంచు గడియను నొక్కిపట్టును. ఆ ఒరపిడిచేతనే చెవి తిరుగదు.

కావున ఒకచేత స్టీరింగును ఇరువైపులకు మెల్లగా కదిపి చూడవలెను. ఒకవైపున అది రవంత కదలును. ఆ వైపునకు త్రిప్పి పట్టి, అదే సమయమున రెండవచేత చెవిని మృదువుగా త్రిప్పవలెను. అప్పటికిని రాకున్నచో, అరిగిన చెవిని విడిచి రెండవ చెవితో యత్నింపవలెను. మీట నొక్కి నడుపు క్రొత్త కార్లలో గడియను విద్యుత్తు నడుపును గనుక బ్యాటరీ బలము తగ్గినను అది విడువకపోవచ్చును.

బాలబాలికలారా, ముఖ్యమైన మాట యొకటి కలదు. కడప రాయచోటి త్రోవలోని గువ్వలచెరువు కనుమవంటి పల్లపు మలుపులలో, పెట్రోలు మిగులునని ఇంజను నాపి బండిని జాఱనీయరాదు. ఇంజను ఆగినచో బ్రేకునకును స్టీరింగునకును కలిగెడు తోడ్పాటు పోవును. చెవిని కూడ తీసినచో మలుపులోనే గడియ పడి స్టీరింగు బిగిసిపోవచ్చును. అది ప్రాణములకే ముప్పు. బండి పూర్తిగా నిలిచిన పిమ్మటనే చెవిని తీయవలెనని మీ యింట బండి నడుపువారికి తప్పక తెలుపుడు.