జీఎన్ఎంలో చేరే ముందు వార్డు చూసి రండి

ఇంటర్ అయ్యాక చిన్న నర్సింగ్ హోంలో సిస్టర్లకు సాయంగా కుదురుకున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. బీపీ చూస్తారు, సెలైన్ మారుస్తారు, డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తే కేసు షీట్లు పట్టుకుని వెనకే తిరుగుతారు. పని వచ్చు, సర్టిఫికెట్ లేదు. అందుకే జీతం అక్కడే ఆగిపోతుంది. స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రభుత్వ నోటిఫికేషన్ పడినా దరఖాస్తు పెట్టే వీలుండదు. వీళ్ల కోసమే ఏజెంట్లు తిరుగుతుంటారు. ఉద్యోగం మానక్కర్లేదు, క్లాసులకు రానక్కర్లేదు, పరీక్ష రాసి పోతే జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా చేతికొస్తుంది అంటారు.

దయచేసి ఆ మాట నమ్మకండి. జీఎన్ఎంకు దూరవిద్య లేదు. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వకూడదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ప్రాక్టికల్ గంటలైతే డిప్లొమా ఇచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. వార్డుకు రాకుండా ఆ గంటలు పూర్తయినట్టు ఎవరైనా రాసిచ్చారంటే అది దొంగ రాతే. ఆరు నెలల 'నర్సింగ్ అసిస్టెంట్' కోర్సులూ అంతే. వాటితో సాయంగా పనిచేసే ఉద్యోగం దొరకొచ్చు కానీ నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: ఇది చదివితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నా పేరు ఎక్కుతుందా?

పేరు ఎక్కే దారులు ముఖ్యంగా మూడు. ఏఎన్ఎం రెండేళ్లు, ఆడపిల్లలకే. సబ్‌సెంటర్, టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటికీ తిరగడం దాని పని. జీఎన్ఎం మూడేళ్లు, చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పని చేసుకుంటూ కొంత కూడబెట్టుకుని చదువుకోవాలనుకునేవాళ్లకు నేను జీఎన్ఎం వైపే మొగ్గుతాను. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పరవాలేదు, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా 40 శాతం మార్కులు ఉండాలి. వయసు 17 నుంచి 35 లోపు. మగపిల్లలూ చేరొచ్చు. తర్వాత కావాలంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఎలాగూ ఉంది. ఏఎన్ఎం చేసి రిజిస్టర్ అయినవాళ్లు కూడా జీఎన్ఎంలో చేరొచ్చు.

ఇక కాలేజీ. అందరూ బిల్డింగూ హాస్టలూ ఫీజూ చూస్తారు. నేను చెప్పేది ముందు ఆస్పత్రి చూడమని. ప్రతి నర్సింగ్ స్కూలుకూ ఒక మాతృ ఆస్పత్రి ఉండాలి. ఏ మంగళవారమో బుధవారమో పొద్దున పదింటికి చెప్పకుండా వెళ్లి వార్డుల్లో నడవండి. మంచాలు నిండి ఉన్నాయా, దుప్పట్లు పరిచి ఖాళీగా ఉన్నాయా? ఒక్కో విద్యార్థికి కనీసం ముగ్గురు రోగులుండాలని కౌన్సిల్ లెక్క. ఒక్క మంచం చుట్టూ పదిమంది యూనిఫాంలు మూగి ఉంటే అక్కడ మీ చేతికి పని అందదు. మూడో ఏడు చదువుతున్న అమ్మాయిని పక్కకు పిలిచి, ఇప్పటిదాకా ఎన్ని కాన్పులు సొంతంగా చేయించావమ్మా అని అడగండి. ఆమె తడుముకుంటే మీకు సంగతి అర్థమైపోతుంది. ప్రభుత్వ జిల్లా ఆస్పత్రికి పోస్టింగులు వేసే స్కూలైతే మంచిది. లేబర్ రూమ్, పిల్లల వార్డు, క్యాజువాలిటీ అన్నీ అక్కడే దొరుకుతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని, చదువయ్యాక ఇన్నేళ్లు ఇక్కడే చేయాలని బాండు రాయించుకునే చోటికి వెళ్లకండి.

చదువులో మొదటి ఏడే బరువు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, సైకాలజీ, పోషకాహారం, కమ్యూనిటీ హెల్త్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి మూడు నెలలు బెంబేలెత్తుతారు. ఆ భయం తీరే చోటు కూడా వార్డే. పొద్దున వార్డులో చూసిన ఒక్క రోగి గురించి సాయంత్రం పుస్తకం తీయండి. డయాలసిస్‌కు వచ్చిన పెద్దాయన కాళ్లు ఎందుకు వాచాయో వెతుక్కుంటూ చదివితే కిడ్నీ పాఠం జన్మలో మరిచిపోరు. రెండో ఏడు మెడికల్ సర్జికల్, మానసిక ఆరోగ్యం, పిల్లల నర్సింగ్. మూడో ఏడు ప్రసూతి, కమ్యూనిటీ.

పోస్టింగులు మొదలయ్యేలోపు హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. మూడు డోసులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి సీటు వచ్చిన వారమే మొదలుపెట్టాలి. సూది గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల లోపే మొదలుకావాలి, ఎంత ముందైతే అంత మేలు. తిడతారని దాచిపెట్టే పిల్లలున్నారు. తిట్లు పడండి కానీ దాచకండి.

వార్డులో నేర్చుకునేవి చూడ్డానికి చిన్నవిగానే ఉంటాయి. 500 మిల్లీల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలని ఆర్డరు ఉందనుకోండి. సెట్టు కవరు మీద మిల్లీకి 20 చుక్కలని ఉంటే 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించాలి. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. వాచీ చూస్తూ ఆ చుక్కలు లెక్కపెట్టి రోలర్ సరిచేయడం మంచం పక్కనే వస్తుంది.

ఇన్సులిన్ సంగతి ఇంకా జాగ్రత్త. మన దగ్గర సీసాల్లో వచ్చేది ఎక్కువగా మిల్లీకి 40 యూనిట్లది, పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. సిరంజిలూ వేరు: ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళ్లిపోతాయి. షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. రెండు సిరంజిలూ ఒకే ట్రేలో ఉంటాయి, నైట్ డ్యూటీలో వెలుతురు తక్కువ. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పైకి చదివి కలిపి చూసుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. అనుమానం వస్తే మందు ఇవ్వకుండా ఆగి అడగండి. స్టూడెంటుగా ఉన్నన్నాళ్లూ అడగడం మీ హక్కు.

కొన్ని చోట్ల స్టూడెంట్లను పని మనుషుల్లా వాడుకుంటారు. శాంపిళ్లు మోయడం, మందుల షాపుకు తిరగడం, ఫైళ్లు తేవడంతోనే డ్యూటీ అయిపోతుంది. ఎదురు తిరగమని అనను. డ్యూటీ మొదట్లోనే ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్లి, మేడమ్, ఈ రోజు క్యాథెటర్ వేసేటప్పుడు నన్ను పిలవండి అని చెప్పి పెట్టుకోండి. పేరు పెట్టి ఒక పని అడిగిన పిల్లను సీనియర్ సిస్టర్లు గుర్తుపెట్టుకుంటారు. లాగ్‌బుక్‌లో చెయ్యని ప్రొసీజర్‌కు సంతకం పెట్టించుకోవద్దు. రేపు పల్లెటూరి పీహెచ్‌సీలో అర్ధరాత్రి కాన్పుకు మీరొక్కరే ఉన్నప్పుడు ఆ సంతకం ఎవరినీ కాపాడదు.

మందులు, సూదుల కంటే ముందు రావలసిన పని ఇంకోటి ఉంది. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపు చూడడం, నోరు శుభ్రం చేయడం. దీన్ని ఆయాల పని అనుకుని తప్పుకునేవాళ్లుంటారు. పుండు పడబోయే ముందు తుంటి దగ్గర చర్మం ఎర్రబారి, వేలితో నొక్కినా తెల్లబడదు. ఒళ్లు తుడిచే చేతికే అది ముందు తెలుస్తుంది. నా లెక్కలో మంచి నర్సుకు మొదటి గుర్తు ఇదే.

పాసవగానే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోండి, వాయిదా వేయకండి. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులు వేసినా, ఆంధ్రలో నోటిఫికేషన్ పడినా రిజిస్ట్రేషన్ నంబరు లేనిదే లెక్కలోకి రారు. విదేశాల ఆలోచన ఉన్నవాళ్లు కాలేజీ వదిలే రోజే ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ చేశారో రాసిన ట్రాన్‌స్క్రిప్టు సీలు వేయించి తీసుకోండి. అక్కడి కౌన్సిళ్లు అడిగేది ఆ గంటల లెక్కే.