అరిగింది ఎక్కడ?

పాత మెషీన్ మీద కొత్త రంగు కనబడితే నాకు ముందు అనుమానమే పుడుతుంది. ఇన్నేళ్లు షీటు కోసీ కోసీ నలిగినదానికి సరిగ్గా అమ్మకానికి వారం ముందు ఈ ముస్తాబేమిటి? బాలానగర్‌లో మూతపడుతున్న ఒక షెడ్డులో ఆ రోజు చూసిన షేరింగ్ మెషీన్‌ది చిలకపచ్చ రంగు. వేలు పెడితే ఇంకా జిగటగా అంటుతోంది. యజమాని ఫ్లైవీల్ మీద చెయ్యేసి, "సూస్కో అన్నా, ఇంకా పదేండ్లు ఆడుతది" అన్నాడు.

అంతకు ముందొకసారి ఇలాంటి రంగునే నమ్మి మెషీన్ కొన్నాను. ఫ్రేములో పగులుంది. దాని మీద పుట్టీ, పుట్టీ మీద రంగు. నాలుగు నెలలు తిరగకుండానే పగులు నోరు తెరిచింది, మెషీన్ తూకానికి పోయింది. అప్పటినుంచి ఒకటే సూత్రం పెట్టుకున్నాను. పాత మెషీన్ అరిగే ఉంటుంది, అందులో వింతేమీ లేదు. ఆ అరుగుదల ఎక్కడుందో పట్టుకోవాలి. బ్లేడు, బుష్, బెల్టు అరిగితే మార్చుకుంటాం, ఆ ఖర్చు ధరలో తగ్గించమంటాం. ఫ్రేము, బెడ్డు చెడితే ఎంత తగ్గించినా దండగే.

పచ్చరంగు మెషీన్‌ని ఎలా చూశానో వరసగా చెబుతాను. షేరింగ్ అయినా, బెండింగ్ అయినా, పవర్ ప్రెస్సు అయినా చూసే క్రమం దాదాపు ఇదే.

1. ముందు మన పని లెక్క

మెషీన్ చూడ్డానికి బయల్దేరే ముందే ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి: నెలలో ఏ మందం షీటు ఎక్కువ కోస్తాం? మాది ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డుల పని. ఎక్కువ భాగం 18 గేజి, 16 గేజి, అంటే 1.2, 1.6 మిల్లీమీటర్లు. ఎప్పుడైనా బేస్ ప్లేట్లకు 3 మిల్లీమీటర్లు. సీఆర్ షీటు 2500 మిల్లీమీటర్ల పొడవు, 1250 వెడల్పులో వస్తుంది కాబట్టి బ్లేడు పొడవు 2500 అయినా ఉండాలి.

ఈ మెషీన్ నేమ్ ప్లేటు మీద 2500, 3.15 అని ఉంది. ఆ 3.15 మైల్డ్ స్టీలుకు చెప్పిన అంకె. స్టెయిన్‌లెస్ స్టీలు అంత తేలిగ్గా తెగదు, దానికి సామర్థ్యం బాగా తగ్గించి లెక్కేసుకోవాలి. అరిగిన మెషీన్‌ని చివరి అంకెదాకా లాగితే దాని ఆయుష్షు మనమే తీసినట్టు. 3 మిల్లీమీటర్ల పనే రోజూ ఉంటే నేను ఆ షెడ్డు గడప తొక్కేవాణ్ణే కాదు. మాకది ఎప్పుడో ఒకసారి కాబట్టి వెళ్లాను.

2. సంచిలో ఏముండాలి

ఫీలర్ గేజి, వెర్నియర్, మాగ్నెటిక్ బేసుతో డయల్ గేజి, అడుగున్నర స్ట్రెయిట్ ఎడ్జ్, టాంగ్ టెస్టర్, టార్చి. ఒక సీసాలో కిరోసిన్, నాలుగు సుద్దముక్కలు, పాత గుడ్డలు. రెండు దినపత్రికలు, గమ్ టేపు. మన షీటు ముక్కలు మనమే తీసుకెళ్లాలి, మనం కోసే మందాల్లోనే. అక్కడ వాళ్లు పెట్టే ముక్క ఆ మెషీన్‌కి బాగా తెగేదై ఉంటుంది.

ఇంకొకటి: వెళ్లేటప్పటికి మెషీన్ ఆపి ఉండాలని ముందే చెప్పాలి. మనం వచ్చేసరికే గంటసేపు తిప్పి, ఆయిల్ పోసి వేడి చేసి ఉంచితే కొన్ని చప్పుళ్లు అణగిపోతాయి.

3. ఆపరేటర్‌తో చాయ్

యజమాని ధర చెబుతాడు. మెషీన్ గుణం ఆపరేటర్ చెబుతాడు. ఆ షెడ్డులో పనిచేసే పెద్దాయన్ని చాయ్‌కి తీసుకెళ్లి, మెషీన్ బాగుందా అని అడగలేదు. "చిన్న ముక్కలు ఏ పక్క కోసేవారు?" అన్నాను. "ఎడమ దిక్కే సారూ. మట్టం ఆడ్నే ఉంటది గద" అన్నాడు.

షీటుని లంబంగా ఆనించే స్క్వేర్ ఆర్మ్ ఎడమ చివర ఉంటుంది. చిన్నా చితకా ముక్కలన్నీ అక్కడే పడతాయి. కుడివైపు బ్లేడుకి నిండు షీటు వచ్చినప్పుడే పని. అంటే అరుగుదల ఎడమ రెండడుగుల్లో వెతకాలి. పది రూపాయల చాయ్‌కి పని సగం తేలికైంది.

4. కిరోసిన్, సుద్ద

మొదట ఫ్రేము. ఇక్కడ తేడా వస్తే మిగతా మెట్లు ఎక్కక్కర్లేదు. పాత షేరింగ్ మెషీన్ల పక్క ఫ్రేములు చాలావరకు పోతఇనుము. అది వంగదు, పగులుతుంది. పగిలినదాన్ని వెల్డింగ్ చేసి నిలబెట్టడం కష్టం. షీటు లోపలికి వెళ్లే గొంతు దగ్గర, షాఫ్టు బేరింగులు కూర్చున్న చోట, కాళ్ల మూలల్లో పగుళ్లు వస్తాయి.

అనుమానమున్న చోట రంగు గీకి, కిరోసిన్ రాసి, పది నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్ద దట్టంగా రుద్దాలి. పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ మళ్లీ పైకి ఊరుతుంది. తెల్లటి సుద్ద మీద వెంట్రుకలాంటి తడి గీత తేలుతుంది. గీకినప్పుడు పుట్టీ రాలినా, పసుప్పచ్చటి ఇత్తడి అతుకు కనబడినా అక్కడితో సంచి సర్దుకోవచ్చు.

రంగు గీకబోతే యజమాని కొంచెం గునిశాడు. నాలుగుచోట్ల గీకాను. సుద్ద తెల్లగానే ఉంది.

5. చేత్తో తిప్పి చూడటం

మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే బ్లేడు దగ్గరికి చెయ్యి వెళ్లాలి. పెడల్ నొక్కి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పితే పై బీము మెల్లగా దిగుతుంది. పై బ్లేడు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కత్తెరలాగా ఒక చివర నుంచి రెండో చివరకు కోసుకుంటూ పోతుంది. అది ఎక్కడ దాటుతుంటే అక్కడ ఆపి, పై బ్లేడుకీ కింది బ్లేడుకీ మధ్య సందులో ఫీలర్ గేజి పెట్టి చూడాలి. ఐదు చోట్ల చూసి రాసుకోవాలి.

మైల్డ్ స్టీలుకు ఈ గ్యాప్ షీటు మందంలో నూటికి ఐదు నుంచి పది వంతులు. 1.6 షీటుకు 0.08 నుంచి 0.16 మిల్లీమీటర్లన్నమాట. ఐదు చోట్లా ఒకే అంకె వచ్చి, అది ఎక్కువగా ఉంటే భయం లేదు, బెడ్డు బోల్టులు సర్దితే సరి. ఒక్కచోటే తేడా ఉంటే బ్లేడైనా అరగాలి, దాని వెనక సీటైనా చెడాలి. చూసిన చోటే మళ్లీ చూస్తే అంకె మారుతుంటే బీము ఊగుతున్నట్టు.

ఊగుడు తేల్చడానికి డయల్ గేజి ముల్లు బీముకి ఆనించి, చిన్న గడ్డపారతో బీముని ముందుకీ వెనక్కీ మీటాలి. ఇక్కడ ముల్లు కొంచెం ఎక్కువే కదిలింది. గైడుల్లోని గన్‌మెటల్ పట్టీలకు ఇంకా మందం ఉంది, సర్దుబాటు బోల్టుల మరలు చివరిదాకా పోలేదు. బిగించుకునే వీలుంది కాబట్టి దాన్ని ఖర్చు కిందే రాసుకున్నాను.

6. దినపత్రిక పరీక్ష

పేపర్లు వరసగా అతికి బ్లేడంత పొడవు పట్టీ చేశాను. దినపత్రిక కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అందుకే గ్యాప్‌ని 0.05 ఫీలర్ కూడా దూరనంత దగ్గరికి తెచ్చి, ఫ్లైవీల్‌ని చేత్తోనే అంగుళం అంగుళం తిప్పాలి. బ్లేడుకి బ్లేడు రాసుకున్న చప్పుడొస్తే వెంటనే ఆగాలి. కరెంటు పెట్టి ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు.

కుడినుంచి ఆరడుగులు రాజకీయ వార్తలూ సినిమా ప్రకటనలూ చక్కగా రెండుగా చీలాయి. ఎడమ చివర రెండడుగులు తెగలేదు. కాగితం మడత పడి సందులోకి జారింది. పెద్దాయన చెప్పిన చోటే.

ఇప్పుడు తేలాల్సింది అక్కడ బ్లేడు పోయిందా, సీటు పోయిందా అన్నదే. కింది బ్లేడు బోల్టులు విప్పించాను. యజమాని మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. బ్లేడు బయటికి రాగానే వెనక నుంచి రేకు పట్టీలు మూడు జారిపడ్డాయి. ఏదో నూనె డబ్బా కత్తిరించినవి, ఒకదాని మీద ఇంకా పసుపు రంగు ఉంది. అంచు మొద్దుబారినప్పుడల్లా గ్రైండింగ్‌కి పంపకుండా, వెనక రేకు దోపి బ్లేడుని ముందుకు తోసుకుంటూ వచ్చారు.

సీటుని గుడ్డతో తుడిచి స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి టార్చి వేశాను. వెలుగు ఎక్కడా దాటలేదు. 0.05 ఫీలర్ దూరలేదు. సుత్తిదెబ్బల గుంటలూ లేవు. సీటు బతికే ఉంది, చచ్చింది బ్లేడు అంచే. ఈ బ్లేడుకి నాలుగు అంచులుంటాయి. తిప్పి చూస్తే రెండు వాడారు, రెండు మిగిలే ఉన్నాయి.

7. మన షీటు, మన కొలత

అంచు తిప్పి బిగించి, గ్యాప్ సర్ది, ఫ్యూజులు పెట్టి, తెచ్చుకున్న 16 గేజి ముక్క కోయించాను. కోసిన అంచుని వెలుతురులో అడ్డంగా పట్టుకుని చూడాలి. పైన మెరిసే సన్నటి పట్టీ, దాని కింద గరుకైన మసక పట్టీ ఉండాలి. మొదట బ్లేడు కోసిన భాగం మెరుస్తుంది, తర్వాత లోహం తనంతట విరిగిన భాగం గరుకుగా ఉంటుంది. గ్యాప్ ఎక్కువైతే కింద బర్రు పళ్లలా నిలబడి వేలికి గుచ్చుకుంటుంది. మరీ తక్కువైతే గరుకు మధ్యలో రెండో మెరుపు గీత కనబడుతుంది.

తర్వాత రెండంగుళాల పట్టీ కోసి రెండు చివర్లా వెర్నియర్ పెట్టాలి. తేడా ఉంటే బ్యాక్ గేజి సమాంతరంగా లేదు. చదరపు ముక్క కోసి రెండు కర్ణాలు కొలిస్తే మట్టం తేలుతుంది. ఈ రెండూ సర్దుకునేవే.

8. పెడల్ ఒకసారి, దెబ్బ ఒకసారి

ఈ మెట్టు దగ్గర బేరం లేదు. ఇలాంటి మెషీన్‌కి పిన్ను క్లచ్ ఉంటుంది. పెడల్ ఒకసారి నొక్కి వదిలితే బీము ఒకసారి దిగి, పైకెళ్లి ఆగాలి. షీటు పెట్టకుండా, అందరినీ దూరంగా నిలబెట్టి, ముప్పైసార్లు నొక్కి చూశాను. ఒక్కసారైనా దానంతటదే రెండోసారి దిగితే స్ప్రింగో, క్లచ్ పిన్నో, బ్రేకో అరిగినట్టు. బాగు చేయించుకోవచ్చు గానీ బాగయ్యేదాకా ఎవర్నీ దాని ముందు నిలబెట్టకూడదు. ఇక్కడ ముప్పైకి ముప్పై సరిగ్గా ఆగింది. కానీ వేలు లోపలికి పోకుండా ముందుండే గార్డు లేదు. ఎప్పుడో తీసి పారేశారట. కొత్త గార్డు ఖర్చు కూడా రాసుకున్నాను.

9. మోటారు, కాగితాలు

మోటారు 5 హెచ్‌పీ. త్రీ ఫేజ్ మీద నిండు లోడులో ఏడున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. ఉత్తగా తిరిగేటప్పుడు మూడు ఫేజుల మీదా టాంగ్ టెస్టర్ పెడితే అంకెలు దగ్గర దగ్గరగా, అందులో సగానికి అటూ ఇటూగా ఉండాలి. ఒక ఫేజు వేరేగా ఉంటే రీవైండింగ్ ఖర్చు కలుపుకోవాలి.

కాగితాల్లో ముఖ్యమైంది బ్యాంకు. మూతపడే షెడ్డులో మెషీన్ అప్పు కింద తాకట్టులో ఉండటం మామూలే. అప్పు తీరినట్టు బ్యాంకు ఉత్తరం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. జీఎస్‌టీ బిల్లు కూడా అడగాలి. అది లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది, రేపు మనం అమ్మబోయినా ఇబ్బందే.

10. చివరి లెక్క

కాగితం మీద రెండు అంకెలు వేస్తాను. మొదటిది తూకం ధర: మెషీన్ 2,600 కిలోలనీ, పాత ఇనుము కిలో 30 రూపాయలనీ అనుకుంటే 78,000. మెషీన్ ఏమైపోయినా చేతికొచ్చేది అంతే. రెండోది మా షెడ్డులో మొదటి మంచి షీటు తెగేదాకా అయ్యే మొత్తం: అడిగిన ధర, బ్లేడు గ్రైండింగ్, గైడు పని, గార్డు, ఎత్తి పెట్టే హైడ్రా క్రేను, లారీ, పునాది, లెవెలింగ్. ఎనిమిదడుగుల బ్లేడుని గ్రైండింగ్ చేసే మెషీన్ అందరి దగ్గరా ఉండదు. ఎవరు చేస్తారో, ఎన్నాళ్లు పడుతుందో ముందే కనుక్కోవాలి. ఆ రోజులన్నీ మనం బయట కోయించుకోవాల్సిందే, దానికీ డబ్బే.

ఈ రెండో అంకె కొత్త మెషీన్ ధరలో సగం దాటితే నేను కొనను. శాస్త్రమేమీ కాదు, నా చేదు అనుభవం పెట్టుకున్న హద్దు. పచ్చరంగు మెషీన్ సగానికి కొంచెం పైన తేలింది. రేకు పట్టీలు మూడూ బల్ల మీద వరసగా పెట్టి, గార్డు ఖర్చు చెప్పి, ఊరుకున్నాను. యజమాని పట్టీల వైపు చూశాడు, నా వైపు చూశాడు. చాయ్ తెప్పించాడు. సాయంత్రానికి హద్దు లోపలికి దిగాడు.

బ్లేడు మూడో అంచు మీద నడుస్తోంది ఇప్పుడు. గార్డు పెట్టించాం. చిన్న ముక్కలు కోసే చోటుని నెలకోసారి పక్కకు జరిపి, బ్లేడంతా సమానంగా అరిగేట్టు చూస్తున్నాం. బెడ్డు మీద పచ్చరంగు చాలావరకు పోయి ఇనుము కనబడుతోంది. మళ్లీ రంగు వేయించలేదు. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే, కిరోసిన్ సీసాతో వచ్చే మనిషికి గీకే శ్రమ ఉండకూడదు.