చెవిలో హోరు: కొలతకు అందని బాధ

వినుకొండ వైపు పత్తి, మిరప చేలకు పవర్ స్ప్రేయర్ వీపున మోసి మందు కొట్టే రైతు సోదరులారా! రాత్రి పడుకోగానే చెవుల్లో గుయ్‌మని మోత వినిపిస్తోందా? తెల్లారేసరికి పోతుందిలే అని ఊరుకోకండి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలుంటాయి. పెద్ద మోతకు అవి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. చెవి నుంచి అందే కబురు తగ్గేసరికి మెదడే లేని శబ్దాన్ని పుట్టిస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పైరుకు తెగులొస్తే ఆకు మీద మచ్చ కనబడుతుంది. మందు కొట్టాక తగ్గిందో లేదో చూసి చెప్పొచ్చు. హోరు అలా కాదు. మామూలుగా రోగి చెబితేనే తెలుస్తుంది, రక్తపరీక్షకు దొరకదు. అందుకే ఏ మందు పనిచేసిందో తేల్చడం కష్టమవుతోంది. దీన్ని మాన్పే మాత్ర ఇంతవరకు లేదు (ఉందని అమ్మజూపితే కొనకండి). నాలుకకు స్వల్పంగా కరెంటు, చెవికి శబ్దం అందించే పరికరానికి 2023లో అమెరికా అనుమతించింది. అదీ బాధను తగ్గించేదే.

తమాషా ఏమంటే, మన పెరటి కోడికి చెడిన రోమ కణాలు తిరిగి మొలుస్తాయి! పక్షులకు ఆ శక్తి ఉందని 1988లో రుజువైంది. ఆ కిటుకు మనిషికి పట్టించాలని ఇప్పటికీ వెతుకుతున్నారు.

ఇంజను దగ్గర మూరెడు దూరంలోని మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే మోత 85 డెసిబెల్స్ దాటినట్టే. 85కి 8 గంటలు, 88కి 4 గంటలే హద్దు. దూది చాలదు, చెవి బిరడాలు పెట్టుకోండి. ఒక్క చెవిలోనే హోరున్నా, నాడితోపాటు కొట్టుకున్నా చెవి డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు.