కుందేలు అడిగిన క్షమాపణ

చెల్లీ, స్నేహితురాలు మనసు కష్టపెట్టిందని ఇంట్లో చెప్పుకుంటే ముందు వినిపించేది “పోనీలే, సర్దుకుపో” అనే మాటే కదా. తప్పు చేసినవాళ్లు నోరు తెరవకముందే క్షమించే బాధ్యత మన నెత్తిన పడిపోతుంది. అందుకే నాకు ‘జుటోపియా’ అంటే అంత ఇష్టం. 2016లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా అది. పిల్లలకి పెట్టేసి మన పనుల్లో మనం పడిపోతాం గానీ, ఈసారి నువ్వూ పక్కన కూర్చుని చూడు.

జూడీ హాప్స్ కుందేలు, కొత్తగా పోలీసైంది. నిక్ వైల్డ్ నక్క, వీధుల్లో చిన్నచిన్న మోసాలతో బతుకుతుంటాడు. ఒక కేసు కోసం కలిసి తిరుగుతూ దగ్గరవుతారు. నక్కవి నిన్నెలా నమ్ముతామంటూ చిన్నప్పుడు తోటిపిల్లలు తన మూతికి చిక్కం బిగించిన సంగతి కూడా నిక్ ఆమెతో చెప్పుకుంటాడు. అంత చెప్పుకున్నాక, విలేకరుల ముందు జూడీ ఏమందో తెలుసా? కొన్ని వేటజంతువులు ఉన్నట్టుండి క్రూరంగా మారడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉందేమో అంది. నిక్ అక్కడే ఉన్నాడు. మరి నేనో అని అడిగితే, నువ్వు అలాంటివాడివి కాదులే అంటుంది. నన్ను చూస్తే భయమా అని అతను మీదికి వచ్చినట్టు చేసేసరికి, ఆమె చెయ్యి నడుముకున్న స్ప్రే మీదికి పోతుంది. నక్కల్ని తరమడానికి ఆ రకం స్ప్రే దగ్గరుంచుకోమని ఊరినుంచి పంపేటప్పుడు అమ్మానాన్నలు ఇచ్చారు.

జూడీ చెడ్డది కాదు చెల్లీ, నిక్ అంటే ప్రాణం కూడా. అయినా ఇంట్లో నూరిపోసిన భయం ఆ చేతిలో ఉండిపోయింది. “మీవాళ్లలాంటిదానివి కాదు నువ్వు” అని మెచ్చుకోలుగా అన్న మాట మనలో ఎంతమందికి గుచ్చుకుందో! అన్నవాళ్లకి మర్నాటికి గుర్తుండదు. విన్నవాళ్లకి ఏళ్లు గడిచినా పోదు.

తర్వాత జూడీ ఉద్యోగం వదిలేసి ఊరెళ్లి క్యారెట్లు అమ్ముకుంటుంది. అక్కడికి గిడియన్ గ్రే వస్తాడు. చిన్నప్పుడు ఆమె చెంప మీద గోళ్లతో గీరిన నక్కపిల్లాడే, ఇప్పుడు పెద్దవాడై పిండివంటలు చేసి అమ్ముకుంటున్నాడు. ఎవరూ అడగకుండానే, అప్పట్లో నామీద నాకే నమ్మకంలేక ఆ కోపమంతా నీమీద చూపించాను, తప్పు నాదే అంటాడు. సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చిన్న సన్నివేశమే. తను క్షమాపణ అడగబోయేముందు, తనకి రావలసిన క్షమాపణ జూడీకి అందింది. అది అందుకోవడం ఎలా ఉంటుందో తెలిశాకే ఆమె నిక్‌ని వెతుక్కుంటూ వెళ్తుంది.

వంతెన కింద నిక్ వెనక్కి కూడా తిరగడు. జూడీ క్షమించమని బతిమాలదు. నువ్వు క్షమిస్తావని అనుకోవడంలేదు, నేను తెలివితక్కువగా, బాధ్యత లేకుండా మాట్లాడాను, ఈ కేసు తేలేదాకా సాయం చెయ్యి, ఆ తర్వాత నన్ను అసహ్యించుకున్నా సరే అంటుంది. ఒక్క ‘కానీ’ లేదు, “నువ్వు మాత్రం తక్కువ తిన్నావా” అనడం లేదు. నిక్ ఆమె మాటల్ని పెన్ను రికార్డర్‌లో పట్టి, ఆమెకే తిరిగి వినిపించి ఏడిపిస్తాడు. క్షమించాడని అలా తెలుస్తుంది. క్షమించేవాళ్లకి ఆ కాస్త ఆటపట్టించే హక్కు ఉండాలి, ఏమంటావ్?

ఈ సినిమాకి దర్శకులు బైరన్ హోవర్డ్, రిచ్ మూర్. అంతకుముందు 2012లో రిచ్ మూరే ‘రెక్-ఇట్ రాల్ఫ్’ తీశాడు. అందులో రాల్ఫ్, వనెలోపీ వీడియోగేముల్లో ఉండే పాత్రలు. బుజ్జి వనెలోపీ తన చేత్తో చేసిన బిస్కెట్ పతకం రాల్ఫ్ మెడలో వేస్తుంది. ఆ వెంటనే ఆమె రేసుకారుని ఆమె కళ్లముందే అతను ముక్కలు చేస్తాడు. పోటీలోకి దిగితే ఆమె ప్రాణానికే ముప్పని ఎవరో చెప్పిన మాట నమ్మి, మంచికేననుకుని చేశాడు. “నీ మంచికే” అని మన ప్రాణమైనదాన్ని విరిచేసేవాళ్లు మనకీ తెలుసు కదా! అయితే రాల్ఫ్ తిరిగొచ్చేటప్పుడు వట్టి చేతులతో రాడు. కారు బాగుచేయించి తెస్తాడు. తనని తానే తిట్టుకుంటుంటే వనెలోపీ ఇంకా ఇంకా అని తిట్లు అందిస్తుంది. తిట్టించుకోవడం అయ్యాకే కలిసిపోతారు.

అంతటితో ఆగిపోతే నీతో ఇంతసేపు చెప్పేదాన్ని కాదేమో. 2018లో వచ్చిన రెండో భాగంలో రాల్ఫ్ మళ్లీ అదే పని చేస్తాడు. వనెలోపీకి కొత్త రేసు ఆట నచ్చింది, అక్కడే ఉండిపోవాలనుకుంటోందని తెలిసి, తనకి దూరమైపోతుందన్న భయంతో ఆ ఆటలోకి వైరస్ వదులుతాడు. నిజం తెలిశాక వనెలోపీ తను అతనికి ఇచ్చిన పతకాన్నే విసిరికొడుతుంది. చివరికి క్షమిస్తుంది. కానీ రాల్ఫ్ కోసం పాత ఆటలోకి తిరిగి వెళ్లదు చెల్లీ. తనకి కావలసిన చోటే ఉండిపోతుంది, ఇద్దరూ వీడియోకాల్‌లో మాట్లాడుకుంటారు. క్షమించావుగా, ఇంకేం, మళ్లీ ఇక్కడే ఉండు అని ఆ సినిమాలో వనెలోపీని ఎవరూ బలవంతపెట్టరు.