ఇప్పటికేనా, అప్పటికేనా?

బాపట్ల

చిరంజీవి చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం చదివాను. ధైర్యంగా రాశావు, సంతోషం. ఒక్క ‘ఆల్రెడీ’ దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. తెలుగులో రోజూ వాడేస్తున్న మాట కదా, దాని గురించి నేర్చుకునేదేముందని ఎవరికైనా అనిపిస్తుంది.

మీరు స్టేషనుకు చేరేసరికి బెజవాడ బండి వెళ్ళిపోయిందని చెబుతూ ‘హ్యాజ్ ఆల్రెడీ లెఫ్ట్’ అన్నావు. అక్కడ ‘హ్యాడ్’ ఉండాలి. దీనికి సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. ఆ వాక్యం మనసులో తెలుగులో అనుకో. ప్లాట్‌ఫారం మీద నుంచే అమ్మకు ఫోను చేసి చెబుతుంటే బండి ‘ఇప్పటికే’ వెళ్ళిపోయింది: హ్యాజ్. అయిపోయిన సంగతి తర్వాతెప్పుడో చెబుతుంటే ‘అప్పటికే’ వెళ్ళిపోయింది: హ్యాడ్. ఆ తేడాను మనం మాటలో చూపిస్తాం, వాళ్ళు క్రియలో చూపిస్తారు.

మన ఊరి సంగతే తీసుకో. తొలి ఆంధ్ర మహాసభ 1913లో ఇక్కడే జరిగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేసరికి అప్పటికే నలభై ఏళ్ళు గడిచాయి: ‘హ్యాడ్ ఆల్రెడీ పాస్డ్’. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల కూడా అప్పటికే ఉంది. దానికి ‘వాజ్ ఆల్రెడీ దేర్’ చాలు, హ్యాడ్ అక్కర్లేదు.

ప్రశ్నల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంటికొచ్చిన పెద్దాయన్ని భోజనం అయిందా అని మామూలుగా అడగాలంటే చివర ‘యెట్’ పెట్టు. అక్కడ ‘ఆల్రెడీ’ పెడితే ‘అప్పుడే తినేశారా!’ అన్న ఆశ్చర్యం వినిపిస్తుంది. నువ్వు మర్యాదకు అడిగినా ఆయన నొచ్చుకోవచ్చు. నా మటుకు నాకు హ్యాజ్, హ్యాడ్ పొరపాటు కన్నా ఇదే పెద్దది. అక్కడ పోయేది ఒక మార్కు, ఇక్కడ చెడేది మనిషి మనసు.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళు ‘ఐ ఆల్రెడీ ఏట్’ అంటుంటారు. అది అక్కడి వాడుక, తప్పు పట్టకు. పరీక్షలో మాత్రం ‘హ్యావ్’ వదలకు.

వ్యాసంలో ‘ఆల్రెడీ’ ఉన్న ప్రతి వాక్యాన్నీ ఇలా తెలుగులో అనుకుని చూసుకుని, దిద్ది మళ్ళీ పంపు. చదివి వెంటనే జాబు రాస్తాను.

ఇట్లు,
మీ బాబాయి