విశాఖ రెండు గంటలే... టికెట్‌లో ఏడు గంటలెందుకు?

ప్రశ్న: మాది రంగత్. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లాలి. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు దాదాపు 1,225 కిలోమీటర్లు, రెండు గంటలని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. టికెట్‌లో మాత్రం ఏడు గంటలని ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమేనండీ. ఫోన్ చూపింది పక్షి ఎగిరే దారి. మీ టికెట్ చెన్నై మీదుగా అయి ఉంటుంది. చెన్నైకి సుమారు 1,370 కిలోమీటర్లు, అక్కణ్నుంచి విశాఖకు మరో 620. గాలిలో ఉండేది మూడున్నర గంటలే, మిగతాది చెన్నైలో పడిగాపులు. అండమాన్‌లోనూ మన దేశపు టైమే కాబట్టి గడియారం తేడా ఏమీ లేదు.

నన్నడిగితే మీ అసలు ప్రయాణం రోడ్డు మీదే. రంగత్ నుంచి విమానాశ్రయానికి 170 కిలోమీటర్లే అయినా ఆరేడు గంటలు పడుతుంది. జరావా రిజర్వులో కాన్వాయ్ కదిలినప్పుడే కదలాలి, మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ కోసం ఆగాలి. ఒక కాన్వాయ్ తప్పితే విమానం తప్పినట్టే. ముందురోజే బయల్దేరి పోర్ట్ బ్లెయిర్‌లో నిద్ర చేయండి.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌పై ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం సాధారణంగా మీదే.

కాన్వాయ్ వేళలు బయల్దేరే ముందురోజు రంగత్ బస్టాండులో అడగండి. వెంట జబ్బుపడినవారో, నెలలు నిండుతున్న గర్భిణో ఉంటే టికెట్ కొనకముందే డాక్టరుతోనూ, విమాన సంస్థతోనూ నేరుగా మాట్లాడండి.