ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: పరీక్ష దగ్గరపడ్డాక గుర్తొచ్చే డిస్‌లెక్సియా

ఎండాకాలం సెలవులు అయిపోవస్తున్నాయంటే నాకొచ్చే ఉత్తరాల రంగు మారుతుంది. జ్వరాలు, దద్దుర్లు వెనక్కి పోయి ఎంట్రన్సులు ముందుకొస్తాయి. ఈసారి ఇంచుమించు అన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి కనక కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇప్పుడు ఏడో తరగతి పూర్తి చేశాడు. స్టైవెసెంట్ హైస్కూల్ సీటు కోసం రెండేళ్లుగా కోచింగుకి వెళ్తున్నాడు. లెక్కల్లో ముందుంటాడు. ఇంగ్లీషు పాసేజీలు మాత్రం సగంలో ఉండగానే టైము అయిపోతుంది. బయటికి చదవమంటే కడుపునొప్పి అంటాడు. డిస్‌లెక్సియా అసెస్‌మెంట్ చేయిస్తే ఎక్స్‌ట్రా టైం ఇస్తారని కోచింగ్ సెంటర్లో చెప్పారు. పరీక్ష ఈ ఫాల్‌లోనే. స్కూలుకి తెలియకుండా త్వరగా చేసే డాక్టరెవరైనా ఉంటే చెప్పండి. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది, రికార్డులో ఏమీ పడకూడదు. మావారికి ఇంకా చెప్పలేదు.
— ఓ తల్లి, క్వీన్స్, న్యూయార్క్

జవాబు: అమ్మా, డాక్టరు పేరు ఇచ్చినా మీ పని జరగదు. స్టైవెసెంట్ సీటుకి రాసే ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీలో అదనపు సమయం ఇచ్చేది డాక్టరు చీటీ చూసి కాదు. పిల్లవాడికి బడిలో ఐఈపీ (ప్రత్యేక విద్య ప్రణాళిక) గానీ 504 ప్లాన్ (వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే సదుపాయాల పత్రం) గానీ ఉండి, అందులో ఆ సదుపాయం రాసి ఉంటే దాన్నే పరీక్ష హాల్లోనూ ఇస్తారు. అంటే బడికి తెలియకుండా చేయించిన అసెస్‌మెంట్ మీ బీరువాలో ఉండటానికి తప్ప పనికిరాదు.

బడికే రాయండి, ఈ రాత్రే. "మా అబ్బాయికి చదవడంలో ఇబ్బంది ఉంది, స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను" అని తేదీ వేసి ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టండి. నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు. మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన రోజు నుంచి న్యూయార్కులో 60 రోజుల్లో వాళ్లు ఇవాల్యుయేషన్ పూర్తి చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఫలితం మీకు సరిగ్గా అనిపించకపోతే బయటి నిపుణులతో మళ్లీ చేయించమని, ఆ ఖర్చు స్కూల్ డిస్ట్రిక్టునే పెట్టుకోమని అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. ప్రైవేటులో వేల డాలర్లు, నెలల నిరీక్షణ. ఇన్సూరెన్సు వాళ్లేమో ఇది చదువు సంగతి, వైద్యం కాదని తరచూ చేతులెత్తేస్తారు.

అసెస్‌మెంట్ అంటే రక్తపరీక్షా కాదు, స్కానూ కాదు. కొన్ని గంటలపాటు, తరచు ఒకటి రెండు పూటలుగా, సైకాలజిస్టు పిల్లవాడితో కూర్చుంటారు. అర్థంలేని మాటలిచ్చి చదవమంటారు (కంఠతా వచ్చిన మాటలతో నెట్టుకొచ్చే పిల్లలు అక్కడ దొరికిపోతారు). మాటలో ఒక శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పమంటారు. అక్షరాల వరస చూపించి ఎంత వేగంగా పలుకుతాడో గడియారం పెట్టి చూస్తారు. పేరా చదివిస్తారు, రాయిస్తారు. తెలివి ఒకచోట, చదివే వేగం ఇంకోచోట ఉంటే కాగితం మీద తేలిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తేలుతుందనే నా అనుమానం.

గ్రీన్ కార్డు గురించి. బడి రికార్డుల గోప్యతకు 1974 నుంచి కేంద్ర చట్టం ఉంది. ప్రత్యేక విద్య సేవలు పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వం మీద ఆధారపడతారా అని చూసే) లెక్కలోకి రావు. వీసా భయంతో పిల్లవాడి చదువు ఆపుకున్న కుటుంబాలను చాలా చూశాను. ఆ భయం మీ లాయరుకి ఫోన్ చేస్తే పోతుంది, పిల్లవాడిని దాచిపెడితే పోదు.

ఇంతకీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది పరీక్ష కాదు, కడుపునొప్పి. అది ఏడో తరగతిలో మొదలైంది కాదనుకుంటాను. తరగతిలో తన వంతు వచ్చేలోగా బాత్రూముకి పోవడం, అక్కచేత చదివించుకుని కథ బట్టీ పట్టడం, లెక్కల మార్కులు అడ్డుపెట్టుకుని నెట్టుకురావడం, ఇవన్నీ తెలివైన పిల్లలు ఏళ్ల తరబడి చేస్తారు. ఎక్స్‌ట్రా టైం వల్ల ఆ పాసేజీ పూర్తవుతుందేమో గానీ చదవడం రాదు. శబ్దానికీ అక్షరానికీ ఉన్న లంకెను మొదటి నుంచి పద్ధతిగా నేర్పే బోధన కావాలి. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పేరుతో, దాన్నుంచి పుట్టిన పేర్లతో ఇక్కడ దొరుకుతుంది. కోచింగు గంటల్లో సగం అటు మళ్లించండి.

స్టైవెసెంట్‌తో కలిపి ఎనిమిది స్పెషలైజ్డ్ బడుల సీట్లు పిల్లల మార్కులు, నడవడి ఏమీ చూడకుండా ఒక్క పరీక్ష మీదే ఇస్తారు. వాటిలో మూడింటికి ఈ నియమాన్ని 1971లో రాష్ట్ర చట్టంగానే రాసిపెట్టారు. మీవాడి మీద నాకు కోపం లేదు గానీ ఆ పద్ధతి మీద కొంచెం ఉంది. సీటు రాకపోతే న్యూయార్కులో బడులకు కరువు లేదు. మీవారికి మాత్రం ఈ వారమే చెప్పండి. బద్ధకం అని ఆయన తిడుతున్నారేమో నాకు తెలియదు. తిడుతుంటే ఆపించండి.

ప్రశ్న: మా పాపకి అయిదేళ్లు. బి రాయమంటే డి రాస్తోంది. డిస్‌లెక్సియానా?
— ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఈ వయసులో చాలామంది రాస్తారు. ఏడేళ్లు దాటినా పోకపోతే, పాటల్లో ప్రాసలు పట్టుకోలేకపోతే, అక్షరాల శబ్దాలు గుర్తుండకపోతే అప్పుడు అడగండి. మీ రాష్ట్రంలో చిన్న తరగతుల్లోనే రీడింగ్ స్క్రీనింగు చేయాలని 2023లో చట్టం చేశారు. బడిలో దాని ఫలితం అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మావాడు రెండో తరగతి. చదవడం రావట్లేదని టీచరుతో అంటే, "రీడింగ్ గ్రూపులో వేశాం, మూడో తరగతి దాకా చూద్దాం" అంటున్నారు. ఎదురు తిరిగితే బాగుండదేమోనని ఊరుకున్నాం.
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఊరుకోవద్దు. గ్రూపులో వేసినందుకు సంతోషించండి, దాంతోపాటే ఇవాల్యుయేషన్ కోరుతూ ఉత్తరమూ పెట్టండి. రెండూ కలిసి నడవచ్చు. గ్రూపు చదువు చూపించి ఇవాల్యుయేషన్ వాయిదా వేయకూడదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. మీ టెక్సస్ చరిత్ర కూడా తెలుసుకోండి. ప్రత్యేక విద్యలో ఉండే పిల్లలు 8.5 శాతానికి మించకూడదన్నట్టు ఏళ్ల తరబడి అక్కడ ఒక లక్ష్యం పెట్టుకుని బడులను నడిపారు. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో బయటపెట్టింది. అది చట్టవిరుద్ధమని 2018లో కేంద్రం తేల్చింది. మీ టీచరు మంచావిడే అయి ఉంటారు. అయినా అడగాల్సింది రాతపూర్వకంగానే అడగాలి.

ప్రశ్న: పదేళ్ల మా అమ్మాయికి ఇన్‌స్టాగ్రాంలో వచ్చిన డిస్‌లెక్సియా క్విజ్ పెట్టాం, "హై రిస్క్" వచ్చింది. ఏఐని అడిగితే ఏడీహెచ్‌డీ కూడా ఉండొచ్చంది. ఒకచోట రంగు కళ్లద్దాలు, విజన్ థెరపీ ప్యాకేజీ చెప్పారు. మా అత్తగారు ఊళ్లో వైద్యుడి దగ్గర జ్ఞాపకశక్తి లేహ్యం కట్టించి పంపారు, రోజూ పరగడుపున పెడుతున్నాం. ఒమేగా మాత్రలూ వేస్తున్నాం. మిడిల్ స్కూల్ గిఫ్టెడ్ టెస్టులోగా ఏది మొదట పనిచేస్తుంది?
— ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: ఏదీ పనిచేయదు. మొదట లేహ్యం ఆపండి. ఇవాళే. మిగతాది తర్వాత చదవండి.

ఎందుకో చెబుతాను. 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. బోస్టన్ చుట్టుపక్కల మన దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఏదో ఒకటి దొరికింది. సీల్ వేసిన డబ్బాల సంగతే అది. మీది ఊళ్లో కట్టించిన మందు, అందులో ఏముందో మీకూ తెలియదు, మీ అత్తగారికీ తెలియదు. సీసం పిల్లల ఒంట్లో చేరితే మొదట దెబ్బతినేది మెదడే. చదువు రావడానికని పెట్టి చదువుకే ఎసరు పెడతారా? పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తంలో సీసం పరీక్ష చేయించండి, డబ్బా వెంట తీసుకెళ్లండి. ఆయుర్వేదం మీద నాకు కక్ష లేదు, మా ఇంట్లోనూ శొంఠికాఫీ పెట్టుకుంటాం. ఏముందో తెలియని మందు పిల్లకి పరగడుపున పెట్టడం మీదే నా గొడవ. మీ అత్తగారిని నొప్పించకుండా చెప్పండి. ఆవిడ ప్రేమతోనే పంపారు.

కళ్లద్దాల సంగతి. డిస్‌లెక్సియా కంటి జబ్బు కాదు. కన్ను అక్షరాన్ని బాగానే చూస్తుంది, దాన్ని శబ్దంగా మార్చే చోట మెదడు నిదానిస్తుంది. రంగుటద్దాలతో, కంటి వ్యాయామాలతో డిస్‌లెక్సియా తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి. చూపు పరీక్ష చేయించండి, సైటు ఉంటే మామూలు అద్దాలు పెట్టించండి. అక్కడితో కళ్ల డాక్టరు పని అయిపోయింది. వేల డాలర్ల ప్యాకేజీ మీద సంతకం పెట్టి ఉంటే రద్దు చేసుకోండి.

ఇక క్విజ్. "పేర్లు మర్చిపోతారా? కుడి ఎడమలు తికమకపడతారా? బిగ్గరగా చదవడానికి ఇబ్బందిపడతారా?" అని అడిగితే ఎవరికైనా హై రిస్కే వస్తుంది. నాకూ వస్తుంది. కింద ఒక యాప్ అమ్ముతుంటారు చూడండి, క్విజ్ ఉన్నది దానికోసం. ఏఐ మీరు టైపు చేసిన నాలుగు మాటలు చదివింది, మీ అమ్మాయి చదువుతుంటే వినలేదు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లల్లో కొందరికి ఏడీహెచ్‌డీ కూడా ఉండే మాట నిజమే. ఉందో లేదో టీచర్లు నింపిన ఫారాలు, ఇంట్లో తీరు, పరీక్షలు కలిపి చూసి మనిషి తేల్చాలి.

ఇన్ని చేశారు కదా, ఒక్కటి చేయలేదు. బడిని అడగలేదు. మీ అమ్మాయి టీచరు రోజూ ఆ పిల్ల చదవడం వింటారు. ఆవిడ ఏమంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. గిఫ్టెడ్ టెస్టు ఈ ఏడు పోతే పోనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి క్లాసులో చాలామంది ఎస్‌ఏటీకి ఎక్స్‌ట్రా టైం తెచ్చుకుంటున్నారు. తనకేమీ ఇబ్బంది లేదు, 1480 వస్తోంది. ఆ కాస్త పెరగడానికి ఒక లెటరు ఇవ్వగలరా?
— ఓ తండ్రి, న్యూజెర్సీ

జవాబు: ఇవ్వను. 2019లో కాలేజీ అడ్మిషన్ల కుంభకోణంలో అడ్మిషన్ల సలహాదారు రిక్ సింగర్ సలహా మీద కొందరు తల్లిదండ్రులు చేసింది ఇదే. పిల్లలకు లేని లోపం రాయించి, అదనపు సమయం సంపాదించారు. ఆయన జైలుకి పోయాడు, కొందరు తల్లిదండ్రులూ పోయారు. పైన క్వీన్స్ నుంచి రాసిన తల్లి ఉత్తరం ఇంకోసారి చదవండి. మీరడిగినలాంటి లెటర్లు పెరిగినకొద్దీ అలాంటి పిల్లల్ని అనుమానంగా చూస్తారు.

ప్రశ్న: మనవరాలికి డిస్‌లెక్సియా అని బడివాళ్లు చెప్పారు. రెండు భాషలవల్లే ఇలా అయిందని మా కోడలు తెలుగు నేర్పే మనబడి మాన్పించింది. ఇంట్లో తెలుగు మాట్లాడొద్దంటోంది. నాకేమో ఇంగ్లీషు రాదు. ఆ పిల్లతో ఏం మాట్లాడను? టీవీలో స్పెల్లింగ్ బీ గెలిచిన మన పిల్లల్ని చూసి దానికి ఏడుపొస్తోంది.
— నాయనమ్మ, ఎడిసన్

జవాబు: అమ్మగారూ, తెలుగే మాట్లాడండి. రెండు భాషలు మాట్లాడటం వల్ల డిస్‌లెక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. ఇది చాలావరకు పుట్టుకతో, వంశంలో వచ్చేది. మీ కోడలికి ఈ పేజీ చూపించండి. ఇంట్లో మాట ఆగిపోతే పిల్ల నష్టపోయేది కథలు, మాటల సంపద, మీరు.

తెలుగులో రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషు అలా కాదు. అందుకని ఇలాంటి పిల్లలు తెలుగు చదివితే తప్పులు తక్కువ రావచ్చు, కానీ గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర నిదానంగానే చదువుతారు. మనబడికి పంపడమా మానడమా అన్నది పిల్లనే అడగండి. వెళితే రాత పరీక్షలు తగ్గించి, పద్యాలూ కథలూ నోటితో చెప్పించమని టీచరుగారిని కోరండి.

2024లో స్పెల్లింగ్ బీ గెలిచిన బృహత్ సోమ మన తెలుగు పిల్లవాడే, ఫ్లోరిడాలో ఉంటాడు. చక్కటి పిల్లవాడు. మన ఇళ్లలో అందరూ అలాగే ఉండాలన్న పట్టింపు మాత్రం చక్కటిది కాదు. ఆ టైములో టీవీ కట్టేసి మనవరాలికి ఓ కథ చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి డిస్‌లెక్సియా రిపోర్టు చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. రెసిడెన్షియల్ కాలేజీలో లెక్చరర్లు నన్ను అందరిముందూ నిలబెట్టి చదివించి నవ్వేవారు. ఇప్పుడు ఐటీలో మేనేజర్ని. పెద్ద ఈమెయిల్స్ వస్తే ఇప్పటికీ చెమటలు పడతాయి. నేనూ పరీక్ష చేయించుకోవాలా?
— పేరు వద్దు, సియాటిల్

జవాబు: ఉద్యోగంలో సదుపాయం ఏదైనా అడగాలనుకుంటే చేయించుకోండి, పెద్దవాళ్లకూ చేస్తారు. లేకపోతే తప్పనిసరి కాదు. ఈమెయిల్స్‌ని కంప్యూటరు చేత చదివించుకుని వినండి, అందులో నామోషీ ఏమీ లేదు. అప్పుడు మిమ్మల్ని చూసి నవ్వినవాళ్లది తప్పు, మీది కాదు. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పారా? రిపోర్టులోని నలభై పేజీలకన్నా వాడికి అది ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: డిస్‌లెక్సియాకు మందు ఉందా?
— డాలస్

జవాబు: లేదు. మంచి టీచరు కావాలి, వారానికి నాలుగైదు పూటలు, కనీసం రెండు మూడేళ్లు.